అప్‌డేట్: శ్రీనగర్ తులిప్ తోటకి ఏ వారం వెళ్ళాలి?

ఏప్రిల్ మొదటి వారానికి టికెట్లు తీసుకోవచ్చా అని అడిగాను కదా. తీసుకోవచ్చు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

తోట మామూలుగా మార్చి చివర్లో తెరుస్తారు, పూలుండేది మూడు నాలుగు వారాలే. ముందు పూసే రకాలు, ఆలస్యంగా పూసేవి కలిపి నాటుతారు. అందుకే మొదట్లో కొన్ని మడుల్లో మొగ్గలే ఉంటాయి, చివర్లో కొన్ని రాలిపోతుంటాయి. నడిమి పది రోజులే మేలు. ఎండలు ముదిరితే పూత త్వరగా అయిపోతుంది, చలి సాగితే వెనకబడుతుంది. కాబట్టి శ్రీనగర్లో ఒక రోజు ఖాళీగా ఉంచుకుని, తోటని ఆ రోజుకీ మార్చుకునేలా ప్లాన్ చేయండి.

పొద్దున్నే రద్దీ తక్కువే, కానీ చలికి రేకులు ముడుచుకునే ఉంటాయి. ఎండ తగిలి వేడెక్కాకే విచ్చుకుంటాయి. ఫొటోల కోసమైతే పది దాటాక వెళ్ళడమే నయం. గట్టి వాన పడితే మాత్రం విచ్చుకున్న పూల రేకులు రాలిపోతాయి.

జబర్వన్ కొండ వాలులో, సుమారు 30 హెక్టార్లలో, మెట్లు మెట్లుగా ఉన్న తోట ఇది. పెద్దవాళ్ళుంటే రెండున్నర గంటలు పెట్టుకోండి. చెష్మా షాహీ అనే మొఘల్ తోట పక్కనే, అదీ అదే పూట అయిపోతుంది.

ముఖ్యంగా, మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. ఒక్కరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.