పక్షవాతంతో వచ్చిన ప్రతి ఒక్కరికీ రక్తం చిక్కదనం పరీక్ష ఏంటికి?

తుంగభద్ర_మెడికో (కర్నూలు): ఎండాకాలం స్ట్రోక్ కేసు రాగానే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), ఫైబ్రినోజెన్ (గడ్డ కట్టించే ప్రోటీన్), విస్కాసిటీ (చిక్కదనం) మూడూ అర్జెంటు అని రాస్తున్నారు. సీటీ స్కాన్‌లో గడ్డా, రక్తస్రావమా అని రకం తేలినాక వీటితో పనేముంది?

అనంత_ల్యాబ్: ఉంది సార్. పారే వేగం తగ్గేకొద్దీ రక్తం చిక్కబడుతుంది. ఫైబ్రినోజెన్ ఎక్కువైతే ఎర్రకణాలు రూపాయి బిళ్లలు పేర్చినట్టు అతుక్కుంటాయి. మెదడు లోపలి సన్న ధమనులు మూసుకునే లాక్యునార్ రకంలో ఇది ముఖ్యం.

కడప_ఫిజీషియన్: ఫైబ్రినోజెన్ స్ట్రోక్ వచ్చినాక కూడా పెరుగుతుంది. కారణమో ఫలితమో ఎట్ల తేలుస్తారు? గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఎడమ కర్ణిక మూలన రక్తం నిలిచి గడ్డ కడుతుంది. చేతి సిరలో తీసిన రక్తానికి ఆ సంగతి తెలియదు. పలచన చేసి చూసిన హీమోడైల్యూషన్ ట్రయల్స్‌లోనూ మరణాలు తగ్గలేదు.

అనంత_ల్యాబ్: ముందు నమూనా సరిగా పంపండి. ఫైబ్రినోజెన్‌కు 3.2 శాతం సిట్రేట్ (రక్తం గడ్డ కట్టనీయని ద్రవం) ట్యూబు, 2.7 మి.లీ. గీత దాకా నిండాలి. సగమే నింపితే తక్కువ చూపుతుంది. హెమటోక్రిట్ 55 దాటితే సిట్రేట్ తగ్గించాలి. చేతికి కట్టే టోర్నికే పట్టీ నిమిషం దాటితే హెమటోక్రిట్టే పెరుగుతుంది. విస్కాసిటీ ఈడీటీఏ ట్యూబులో (ఇదీ గడ్డ కట్టనీయనిదే), 37 డిగ్రీల దగ్గర, 4 గంటల్లోపు.

వేరుశనగ_చేను: ఎండకు రక్తం చిక్కబడితే ఆస్పిరిన్ వేస్తే పోదాప్పా?

కడప_ఫిజీషియన్: ఆస్పిరిన్ గడ్డ కట్టించే కణాలైన ప్లేట్‌లెట్లను ఆపుతుంది, చిక్కదనం తగ్గించదు. లోపల రక్తస్రావమైతే ప్రాణానికే ముప్పు. సీటీ కాకముందు వద్దు నాయనా.

అనంత_ల్యాబ్: ట్యూబు సంగతి దాటేశారు.

కడప_ఫిజీషియన్: ట్యూబు, ట్యూబు! గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి స్ట్రోక్ మొదలైనప్పటి నుంచి మాకుండేది 4.5 గంటలు. సీటీ, షుగర్, బీపీ 185/110 లోపు తేవడం. ఆ మందు ఆల్టెప్లేస్ ఒంటి బరువు కిలోకు 0.9 మి.గ్రా., మొత్తం 90 దాటకూడదు. పదో వంతు ఒకేసారి, మిగతాది గంటలో. మీ విస్కాసిటీ వచ్చేదాకా కూర్చోమంటారా?

అనంత_ల్యాబ్: కూర్చోమన్నదెవరు? రాత్రి రెండు గంటలకు అర్జెంటు అని రాసేది డాక్టర్లే. పొద్దున రౌండ్స్‌లో ఆ కాగితం తిప్పి చూసే దిక్కుండదు. బిల్లు కట్టేది రోగి. తేడా వస్తే తిట్లు ల్యాబ్‌కు. నా గొడవ అది.

తుంగభద్ర_మెడికో: హెమటోక్రిట్ అయినా కావాలి కదా?

కడప_ఫిజీషియన్: అది మామూలు రక్తపరీక్ష సీబీపీలో ఎట్లాగూ వస్తుంది. నీళ్లు చాలకపోతే సెలైన్ పెట్టి మళ్లీ చూస్తాం. తర్వాత కూడా ఎక్కువే ఉంటే పాలిసైథీమియా (ఎర్రకణాలు మితిమీరి పెరిగే జబ్బు) వెతకాలి, జాక్2 జన్యు పరీక్షకు పంపాలి. అదే తేలితే రక్తం తీసి 45 కిందికి తేవాలి. మిగతా రెండూ అర్జెంటుగా నేను రాయను.

అనంత_ల్యాబ్: మీరు రాయరు సరే. రాసేవాళ్లెవరూ ఈ చర్చ దిక్కు రాలేదు.