పెంకు మీద 1865, దూలం మీద ప్రజోత్పత్తి: గుణుపురంలో మా ఇల్లు ఏనాటిది?

అడిగినవారు: ఒడిశాలోని గుణుపురంలో మా ముత్తాతగారు కట్టిన మండువా లోగిలి ఉంది. టెక్కలి వైపు నుంచి చింతపండు, పసుపు బేరానికొచ్చి ఇక్కడే ఉండిపోయారట. మా వీధికి ముందుగా వచ్చిన తెలుగువాళ్లం మేమేనని ఇంట్లో చెప్పుకుంటారు. సంక్రాంతికి అన్నదమ్ముల పిల్లలందరం కలుస్తున్నాం, వీధి గుమ్మం పక్కన రాయి వేయిద్దామని. ఏ సంవత్సరం చెక్కించాలి? మొన్న వానలకు జారిన పెంకు కడిగి చూస్తే అడుగున బాసెల్ మిషన్, 1865 అని అచ్చుంది. మండువా దూలం మీద ‘ప్రజోత్పత్తి నామ సంవత్సర వైశాఖ శు’ దాకా కనిపిస్తోంది, ఆపైన సున్నం పూసేశారు. మా పెదనాన్నగారు 1871 అంటున్నారు. రెండూ సరిపోయినట్టే కదండీ?

పర్లాకిమిడి మేస్టారు: బాబూ, రాయి పని ఆపించు. ఆ 1865 మీ ఇంటిది కాదు, ఫ్యాక్టరీది. బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెంకుల పని మొదలుపెట్టిన ఏడాది అది. తర్వాతి ఏళ్లలో చేసిన పెంకుల మీద కూడా అదే అచ్చు వేసేవారు. (మంగుళూరు పెంకుని మనం బెంగుళూరు పెంకు అంటాం, అదో తమాషా.) ఇక ప్రజోత్పత్తి అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1871 ఉగాదికి వచ్చింది, మళ్లీ 1931 ఉగాదికి. నౌపడా నుంచి చిన్న రైలు మా ఊరికి 1900లో వచ్చింది, మీ గుణుపురం చేరింది 1931లో. అంతకు ముందు అంత బరువు పెంకులు బళ్ల మీద దింపించుకోవడం కొత్తగా వచ్చిన బేరగాడికి అయ్యే పనేనా? నా మాట 1931.

వంశధార ఒడ్డు: మేస్టారూ, పెంకు కొత్తదైతే గోడ కొత్తదవ్వాలనేముందండీ? మా ఇంటికి నాటు పెంకు దింపి బెంగుళూరు పెంకు ఎక్కించారు, గోడలు మాత్రం పాతవే. ముందు అటకెక్కి చూడమనండి. వాసాల మీద ఇప్పటి రీపర్లకు సంబంధం లేని పాత మేకుల కన్నాలు కనిపిస్తే, కప్పు మార్చారన్నమాట. దూలం మీద సున్నం తడి గుడ్డతో మెత్తగా తీయండి, గోకొద్దు. తిథీ వారమూ రెండూ దొరికితే రెండు ప్రజోత్పత్తుల పంచాంగాలతో పోల్చుకోవచ్చు.

దస్తావేజుల లేఖరి: దూలం సంగతి తర్వాత, కాగితాలు వెతకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా గుణుపురం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా, జయపురం ఎస్టేటు. పర్లాకిమిడి మాత్రం గంజాం జిల్లా. చాలామంది ఇక్కడే పొరబడి గంజాం రికార్డుల్లో వెతికి ఉత్తచేతుల్తో వస్తారు. ఆ తర్వాత కోరాపుట్ జిల్లా, 1992 నుంచి రాయగడ. భూలేఖ్‌లో (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు) మీకు కనిపించేది హాల్ నంబరు, అంటే ఇప్పటి సర్వేది. దానికి సాబిక్ (పాత సర్వే) నంబరేదో తహసీలు ఆఫీసులో అడగండి. పాత దస్తావేజు దొరికితే ధర కన్నా ముందు చతుర్హద్దులు చదవండి. పక్కవాడెవడో, రస్తా ఏదో అందులోనే ఉంటుంది. తెలుగులో రాసుంటుంది గనక అక్కడి గుమాస్తాకి మీరే చదివి చెప్పాల్సి రావచ్చు.

అడిగినవారు: పెదనాన్నగారి ఇనప్పెట్టె అడుగున దొరికిందండీ! ఐదో జార్జి బొమ్మున్న స్టాంపు కాగితం, 1929 క్రయ దస్తావేజు. ‘ఖాళీ నివేశన స్థలం’ అని స్పష్టంగా ఉంది. తమాషా ఏమిటంటే, పడమర హద్దు దగ్గర మా ముత్తాతగారి పేరే రాసి, ‘వారి కాపురపు పూరిల్లు’ అని ఉంది. అంటే పక్క పాకలో అప్పటికే కాపురం ఉంటూ ఈ స్థలం కొన్నారన్నమాట.

పర్లాకిమిడి మేస్టారు: అయితే ఇల్లు 1931ది. మనుషులు అంతకన్నా ముందువాళ్లు. మీ పెదనాన్నగారిదీ పూర్తిగా తప్పు కాదులే. ఆ కాగితం ఇంక మడతపెట్టకండి, మడత దగ్గరే చిరుగుతుంది.

అడిగినవారు: రాయికి ‘ప్రజోత్పత్తి (1931)’ అని రాసిచ్చాం. పెదనాన్నగారు బ్రాకెట్లో అంకె తీసేయమంటున్నారు.