‘తుది నలోకంబగు’: లోకాలు లేనిదా, వెలుగు లేనిదా?

ప్రశ్న (విజయనగరం)
సభ్యులందరికీ నమస్కారం. విశ్వం గురించి పిల్లలు అడిగే ప్రశ్నలకు మా బడి గోడపత్రికలో నేను జవాబులు రాస్తుంటాను. జవాబులో శాస్త్రం తప్పకూడదు, చదివే పిల్ల ఒక్కసారైనా నవ్వాలి. ఈసారి ఏడో తరగతి అమ్మాయి ఒకతె, “ఆకాశం అయిపోయిన చోట గోడ ఉంటుందా, ఉంటే దానికి అవతలి పక్క సున్నం ఎవరు కొడతారు?” అని అడిగింది. గోడ లేదనీ, అన్ని వైపులా సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరం వరకే మనకు చూడవీలవుతుందనీ, అది మన చూపుకు హద్దే గాని విశ్వానికి హద్దు కాదనీ, కాబట్టి సున్నం ఖర్చు లేదనీ రాశాను. చివర పోతన భాగవతంలోని గజేంద్రుడి కందపద్యం, “లోకంబులు లోకేశులు / లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్” అన్నది, చేర్చాలని ఉంది. ‘తుది నలోకంబగు పెంజీకటి’ అనీ, ‘తుది నాలోకంబగు’ అనీ రెండు విధాలుగా వింటున్నాను. ఏది సరి? అక్కడ చెప్పింది లోకాలు లేకపోవడమా, వెలుగు లేకపోవడమా?

తెనాలి నుంచి
అమ్మా, మొదటి సందేహాన్ని ఛందస్సే తీరుస్తుంది. రెండో పాదంలో ‘లోక’ గగం, ‘స్థులు తెగి’ నలం, ‘న తుది న’ నలం, ‘లోకం’ గగం, ‘బగు పెం’ సగణం. కందంలో మొదటి పాదంలోని మూడు గణాలతో కలిపి లెక్కిస్తే ఆరో గణం, అంటే ఇక్కడి ‘న తుది న’, జగణమో నలమో కావాలి. అక్కడ ‘నా’ అని దీర్ఘం పెడితే నాలుగు మాత్రల గణం ఐదు మాత్రలై గతి తప్పుతుంది. యతి కూడా ‘లో’కూ ‘లో’కూ నిక్కచ్చిగా కుదిరింది. కాబట్టి అది తుదిన్ + అలోకంబు. వెలుగు అనే అర్థమున్న ఆలోకానికి ఇందులో చోటు లేదు. పైగా ఆలోకమైన పెంజీకటి అంటే వెలుగైన చీకటి అన్నట్టవుతుంది.

హైదరాబాదు నుంచి
భౌతికశాస్త్రం బోధించేవాడిగా నాకు ‘పెంజీకటి కవ్వల’ అన్న మాట మీదనే మనసంతా ఉంది. రాత్రి ఆకాశం నల్లగా ఎందుకుంటుందన్న ప్రశ్న వినడానికి పిల్లల ప్రశ్నలాగే ఉంటుంది గాని, 1823లో ఓల్బర్స్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు దానిమీద పనిగట్టుకొని వ్యాసం రాశాడు. నక్షత్రాలు అనంతంగా, అనాదిగా ఉంటే ఎటు చూసినా చూపు ఏదో ఒక నక్షత్రానికి తగలాలి, రాత్రి కూడా సూర్యబింబంలా మండిపోవాలి. అలా జరగకపోవడానికి ముఖ్యకారణం విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల సంవత్సరాలే కావడం. అంతకంటే ముందు బయలుదేరి మనల్ని చేరగలిగిన వెలుగంటూ లేదు. చేరిన తొలి వెలుగు కూడా విశ్వం వ్యాకోచించడం వల్ల సాగిపోయి, కంటికి కనబడని మైక్రోతరంగాలుగా మారింది. పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు 1964లో న్యూజెర్సీలో కొమ్ముబూర ఆకారపు యాంటెన్నాలో విన్న గుర్రుమనే రొద అదే. లోపల కాపురం పెట్టిన పావురాల రెట్ట వల్ల ఆ రొద వస్తున్నదేమోనని వాళ్లు రెట్టంతా కడిగారు, పావురాలను దూరం పంపారు. రొద మాత్రం పోలేదు. 1978లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. గోడపత్రికలో నవ్వు కావాలంటే ఈ సంగతి చాలు.

ఇక నా ప్రతిపాదన వినండి. మనం దూరానికి చూడడమంటే వెనకటి కాలానికి చూడడమే. నక్షత్రాలు, గెలాక్సీలు అయిపోయాక తొలి నక్షత్రాలింకా పుట్టని కొన్ని కోట్ల సంవత్సరాల కాలం వస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు దానికి చీకటి యుగమనే పేరు పెట్టారు. దానికి అవతల, విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ల వయసులో బయలుదేరిన ఆ తొలి వెలుగు ఉంది. ఎటు చూసినా దాని ఉష్ణోగ్రతలో తేడా దాదాపు లక్షలో ఒక వంతే. పెంజీకటికి అవ్వల ఏకాకృతితో వెలుగు! ఈ పోలికకు నా ఒళ్లు జలదరిస్తుంది.

వరంగల్లు నుంచి
అయ్యా, మీ ఉత్సాహాన్ని గౌరవిస్తూనే మనవి చేస్తున్నాను. ఆ పాదంలో ‘వెలుగు’ నామవాచకం కాదు, క్రియ. ‘ఎవ్వండు ఏకాకృతిన్ వెలుగున్, అతనిన్ ఏన్ సేవింతున్’ అన్నది అన్వయం. వెలిగేవాడొకడున్నాడు, గజేంద్రుడు వాణ్ణి సేవిస్తున్నాడు. చివరి పాదం యతి కూడా ఏకాకృతిలోని ఏకారానికీ ‘ఏన్’ లోని ఏకారానికీ పడింది. అదీగాక పోతన చెబుతున్నది లోకాలు తెగిన తుదిని, అంటే ప్రళయం తరువాతి స్థితిని. మీరు చెబుతున్నది నక్షత్రాలకు ముందటి కాలాన్ని.

మూలంలో వ్యాసులవారు “కాలేన పంచత్వమితేషు కృత్స్నశో లోకేషు పాలేషు చ” అన్నారు. ఆ పంచత్వం (చావు) పొందడమంతా మా బమ్మెర కవి చేతిలో ‘తెగిన’ అన్న మూడక్షరాల్లో ఒదిగిపోయింది. ‘తమస్తదాసీద్గహనం గభీరం’ అన్నది ‘పెంజీకటి’ అయింది. గహనం, గభీరం రెండూ ‘పెను’ అన్న చిన్న విశేషణంలో ఇమిడాయి. ‘లోకస్థులు’ మాత్రం ఆయన సొంతంగా చేర్చింది. లోకాలూ, వాటి పాలకులూ పోతే చాలదు, అందులో కాపురమున్న మనమూ పోవాలి కదా! ‘అలోకంబు’ అన్న మాటకూ మూలంలో సాటి లేదు. లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని ముమ్మారు లోకాన్ని పలికి నాలుగోసారి అలోకం అన్న కవి లోకాలు లేకపోవడాన్నే ఉద్దేశించాడని నా నిశ్చితాభిప్రాయం.

హైదరాబాదు నుంచి
మూలంలో ‘ఆసీత్’ అని భూతకాలముంది. పైగా దీని ముందు పద్యంలోనే “ఒకపరి జగములు వెలి నిడి యొకపరి లోపలికి గొనుచు” అని పోతనే అన్నారు. సృష్టీ లయమూ చక్రంలా తిరిగే చోట ఒక ప్రళయానికి తరువాతిది మరొక సృష్టికి ముందటిది అవుతుంది గదా. క్రియాపదమన్నంత మాత్రాన వెలగడం ఆగిపోదు.

మైసూరు నుంచి
వరంగల్లు వారి వాదంలో ఒక కొరత ఉంది. సంస్కృతంలో లోకమన్న మాటకు మూలం చూడడమనే ధాతువు. పురాణాల్లో భూమండలానికి చుట్టుగోడలా నిలిచిన కొండ పేరు లోకాలోకం. ఇవతల సూర్యకాంతి పడుతుంది, అవతల పడదు. అమరకోశంలో “లోకాలోకశ్చక్రవాళః” అని ఉంది. రఘువంశంలో దిలీపుడు తన స్థితిని చెప్పుకుంటూ “ప్రకాశశ్చాప్రకాశశ్చ లోకాలోక ఇవాచలః”, లోకాలోక పర్వతంలా వెలుగూ వెలుగు లేమీ రెండూ ఉన్నవాణ్ణి అంటాడు. కాళిదాసుకు అలోకమంటే అప్రకాశమే. అంటే తెనాలి వారు తీర్చిన హ్రస్వాన్ని చెక్కుచెదరనిస్తూనే వెలుగు లేదన్న అర్థం వస్తుంది. ఆ అమ్మాయి అడిగిన గోడ పురాణంలో ఉండనే ఉంది, సున్నం కొట్టినా అటువైపు ఎవరికీ కనబడదని చెప్పండి.

కర్నూలు నుంచి
జైనులనూ మరువకండి. వారి దర్శనంలో జీవులూ పదార్థాలూ ఉన్న మేర లోకాకాశం, దానికి అవతల ఏమీ లేక అనంతంగా పరచుకున్నది అలోకాకాశం. అక్కడ ప్రస్తావన వెలుగు గురించి కాదు, శూన్యం గురించి. ‘అలోకం’ అన్న మాట అచ్చంగా అలాగే వాడుకలో ఉన్నప్పుడు కొండ పేరును రెండుగా విరిచి అర్థం తీయవలసిన పని లేదు.

తెనాలి నుంచి
ఇంకో చిక్కు ఉంది. లోకాలోక పర్వత వర్ణన భాగవతం పంచమ స్కంధంలోనిది. తెలుగులో ఆ స్కంధం రాసింది గంగన గాని పోతన కాదు. ఆ వర్ణన ఆధారంగా పోతన పదప్రయోగాన్ని నిర్ణయించడం న్యాయం కాదు.

విజయనగరం నుంచి
అయ్యలారా, ఆ అమ్మాయికి మీ జవాబులన్నీ చదివి వినిపించాను. కొండ అవతల చీకటైతే ఆ కొండకు అవతలి పక్క ఉందని చూసి వచ్చినవాళ్లెవరని అడుగుతున్నది.

మైసూరు నుంచి
అమ్మా, చూసి వచ్చినవారున్నారు, ఆ సాక్ష్యం తెనాలి వారి చిక్కునూ విడదీస్తుంది. దశమ స్కంధంలో విప్రుడి చనిపోయిన బిడ్డలను తేవడానికి కృష్ణార్జునులు రథమెక్కి వెళ్తారు. “లోకాలోకం తథాతీత్య వివేశ సుమహత్తమః”, ఆ కొండ దాటి మహాంధకారంలో ప్రవేశిస్తారు. గుర్రాలకు దారి తెలియకపోతే చక్రాయుధం చీకటిని చీలుస్తుంది. దాన్ని దాటగానే అంతులేని పరమజ్యోతి, అర్జునుడు చూడలేక కళ్లు మూసుకుంటాడు. కొండ, చీకటి, దానికవతల వెలుగు: గజేంద్రుడి పద్యంలోనూ ఇదే వరస. తెలుగులో దశమ స్కంధం పోతనదే.

వరంగల్లు నుంచి
వరస ఒప్పుకుంటాను గాని ఆ కథలో లోకాలన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. అర్జునుడు బిడ్డలతో ద్వారకకు తిరిగి వచ్చాడు. గజేంద్రుడి పద్యంలో తిరిగి రావడానికి ద్వారక మిగలలేదు, ‘తెగిన’ అన్నాడు కవి. ఆ మాటను పక్కనపెట్టి అలోకానికి అర్థం చెప్పడం కుదరదు.