కోపిష్టి మనుషులకి కొలెస్ట్రాల్ ఎక్కువ ఉంటుందా?

నీలిమేఘం:
మా ఆయనకి 38 ఏళ్ళు, సన్నగానే ఉంటారు, సిగరెట్ లేదు మందు లేదు, మొన్న లిపిడ్ ప్రొఫైల్ చేయిస్తే ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 204 వచ్చింది. మనిషికి తొందరెక్కువ, ముక్కు మీదే కోపం, పక్కవాళ్ళు నెమ్మదిగా పని చేస్తుంటే చూడలేరు. నీ కోపం వల్లే ఇదంతా అని ఇంట్లో అందరూ అనేసరికి ఆయనా అదే నమ్మేసి, మందులొద్దు ధ్యానంతో తగ్గించుకుంటా అంటున్నారు. స్వభావానికీ దీనికీ నిజంగా లింక్ ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతపేజీ:
ఉందండీ. ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అని ఇద్దరు అమెరికన్ గుండె డాక్టర్లు 1957లో ట్యాక్స్ అకౌంటెంట్లకి జనవరి నుంచి జూన్ దాకా వరసగా రక్తపరీక్షలు చేశారు. అక్కడ పన్ను లెక్కలకి ఏప్రిల్ 15 గడువు, అది ముంచుకొచ్చేసరికి కొలెస్ట్రాల్ పెరిగింది, తర్వాత దిగింది, తిండిలో పెద్ద తేడా లేకుండానే. ఎప్పుడూ హడావిడి, పోటీ, అసహనం ఉండేవాళ్ళని టైప్ ఏ అని పిలిచింది కూడా వీళ్ళే. వాళ్ళకి కొలెస్ట్రాల్ ఎక్కువ ఉందని 1959లో రాశారు.

ల్యాబ్‌కోటు:
ఆ స్టడీ నిజమే, కానీ అక్కడితో ఆగకండి. టెన్షన్‌లో అడ్రినలిన్ పెరిగితే కొవ్వు కణాల్లోంచి ఫ్యాటీ ఆసిడ్లు రక్తంలోకి వస్తాయి, పైగా రక్తం కాసేపు చిక్కబడుతుంది కాబట్టి అంకె కొంచెం పెరుగుతుంది, అంతే, అది మళ్ళీ దిగిపోతుంది. తర్వాత వచ్చిన స్టడీల్లో ఆవేశం ఎక్కువ, క్రమశిక్షణ తక్కువ ఉన్నవాళ్ళకి ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) ఎక్కువ, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తక్కువ కనిపించాయి కానీ ఆ తేడా చిన్నది. అందులోనూ తిండి, బరువు, సిగరెట్ పాత్ర చాలా ఉంటుంది.
సన్నగా ఉన్న మనిషికి 204 అంటే నాకు వేరే అనుమానం. 190 దాటితే ఫెమిలియల్ హైపర్‌కొలెస్ట్రోలేమియా ఉందేమో చూడాలి. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాగేసే రిసెప్టర్లు లివర్‌లో సరిగ్గా పనిచెయ్యవు, జీన్స్‌తో వస్తుంది, సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. థైరాయిడ్ తగ్గినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చేయించండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా?

మెల్లగా:
మా అక్క నెమ్మదస్తురాలు, గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆవిడకీ 200 దాటింది.

నీలిమేఘం:
మా మామగారు 47 ఏళ్ళకే గుండెపోటుతో పోయారండీ. ఆయనకీ కోపం ఎక్కువే, దానివల్లే పోయారని ఇన్నాళ్ళూ అనుకున్నాం, ఇలా ఎవరూ ఆలోచించలేదు.

ల్యాబ్‌కోటు:
అయితే లేట్ చెయ్యకండి అమ్మా, ఈ రిపోర్టూ మామగారి సంగతీ రెండూ డాక్టర్‌కి చెప్పండి. ధ్యానం మానమనట్లేదు, నిద్రకీ బీపీకీ మంచిదే, కానీ 204ని అది దించలేదు, ఇలాంటివాళ్ళకి ఎక్కువగా స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందు కావాల్సొస్తుంది. జీన్ వల్లే అని తేలితే పిల్లలకి వచ్చే ఛాన్స్ సగానికి సగం, కాబట్టి వాళ్ళకీ, మీ ఆయన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఉంటే వాళ్ళకీ, కోపిష్టులా శాంతస్వభావులా అని చూడకుండా టెస్ట్ చేయించండి.