కాంటినెంటల్ మళ్లీ టైర్ల కంపెనీ అయింది: ఇది తెలివా, ఓటమా?

టైర్ల షాపు, హన్మకొండ

అందరికీ నమస్కారం. ములుగు రోడ్డులో టైర్ల షాపు పెట్టి 26 ఏళ్లయింది. మొన్న ఒకాయన కారు తెచ్చి, టైర్ మీద ఎగురుతున్న గుర్రం బొమ్మ చూపించి, "ఈ కంపెనీ ముక్కలైందటగా, దీని టైర్లు ఇంకా వేయించుకోవచ్చా?" అని అడిగాడు. వేయించుకోవచ్చని చెప్పి పంపాను గానీ ఆ మాట మనసులోంచి పోలేదు.

సంగతి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తా. కాంటినెంటల్ 1871 అక్టోబర్ 8న జర్మనీలోని హానోవర్‌లో పుట్టింది. చాలాకాలం రబ్బరుతోనే బతికింది. 2007లో సీమెన్స్ దగ్గర వీడీఓ అనే కార్ ఎలక్ట్రానిక్స్ వ్యాపారాన్ని 1,140 కోట్ల యూరోలు పెట్టి కొన్నది. మరుసటి ఏడాదే షేఫ్లర్ అనే బేరింగుల కంపెనీ, తనకంటే ఎంతో పెద్దదైన కాంటినెంటల్‌ను చేజిక్కించుకోవడానికి దిగింది. అదే సమయంలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. రెండు కంపెనీలూ అప్పుల్లో కూరుకుపోయాయి. ఇప్పుడు 2025 సెప్టెంబర్‌లో బ్రేకులు, సెన్సర్లు, డిస్‌ప్లేల విభాగం మొత్తాన్ని ఆమోవియో పేరుతో విడదీసి ఫ్రాంక్‌ఫర్ట్ షేర్ మార్కెట్‌లో పెట్టారు. బెల్టులు, గొట్టాలు చేసే కాంటిటెక్‌ను కూడా అమ్ముతామని ముందే చెప్పారు. ఇక మిగిలేవి టైర్లే.

నేనైతే ఇది తెలివైన పనే అంటాను. మూలాలకు తిరిగొచ్చారు. రబ్బరు తెలిసినవాడు రబ్బరే చేయాలి. ఎందుకంటున్నానంటే, నా షాపులో ఒక టైర్ పక్కన పెట్టి ఉంచాను, అడిగినవాళ్లకు చూపించడానికి. గీతలు కొత్తదానిలాగే ఉంటాయి, 9 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. కానీ టైర్ పక్క గోడ మీద బొటనవేలు పెట్టి నొక్కితే సన్నటి పగుళ్లు చేప పొలుసుల్లా విచ్చుకుంటాయి. టైర్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరసలో చివర 3115 అని ఉంటుంది, అంటే 2015లో 31వ వారం. ఇంటి ముందు ఎండలో నిలబడే ముసలిదైపోయింది. రబ్బరులో ఏం కలపాలి, ఎంత కలపాలి, ఎంతసేపు ఉడికించాలి అన్నది తరాల పాటు చేతులు కాల్చుకుంటే వచ్చే విద్య. అది ఉన్నవాళ్లు స్క్రీన్ల వెంట ఎందుకు పరుగెత్తాలి?

ఇంజనీర్, కాజీపేట

అన్నా, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ మాట ఒప్పుకోలేను. ఇది ఓటమే. దానికి మంచి పేరు పెట్టుకున్నారంతే.

బ్రేకు తొక్కితే బండి దేంతో ఆగుతుంది? డిస్క్ చక్రాన్ని ఆపుతుంది, బండిని ఆపేది మాత్రం రోడ్డును పట్టుకున్న నాలుగు టైర్లు. ఒక్కో టైర్ నేలకు ఆనే జాగా అరచేయంత. ఏబీఎస్, అంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, చేసే పనల్లా ఆ అరచేయి జారిపోకుండా చూడటమే. 1998లో ఐటీటీ అనే అమెరికా కంపెనీ దగ్గర బ్రేకుల వ్యాపారం కొన్నప్పుడు కాంటినెంటల్‌కు టెవెస్ అనే బ్రేకుల కంపెనీ వచ్చింది. టైర్ చేసేవాడూ బ్రేకు చేసేవాడూ ఒకే కప్పు కింద ఉండటం ఎంత అరుదు! ఆ రెండు విద్యల్ని కలపడానికి దొరికిన అవకాశాన్ని ఇప్పుడు చేతులారా విడగొట్టారు. విడిగా ఉంటే షేర్ విలువ పెరుగుతుందన్న లెక్క తప్ప ఇందులో రోడ్డు మీద పోయేవాడికి ఏం మేలు ఉందో నాకు కనిపించట్లేదు.

పైగా ఆ కంపెనీ చరిత్రంతా కొత్తదాంట్లో అడుగు పెట్టడమే. 1909 జులైలో బ్లేరియో అనే ఫ్రెంచ్ పైలట్ ఇంగ్లిష్ చానెల్ దాటిన విమానం రెక్కల మీద ఉన్నది కాంటినెంటల్ బట్ట. అప్పుడు "మనం టైర్లవాళ్లం, విమానాలు మనకెందుకు" అనుకుని ఉంటే?

టైర్ల షాపు, హన్మకొండ

తమ్ముడూ, రెక్కల మీది బట్ట కూడా రబ్బరు పూసిన బట్టే కదా. వాళ్లకు తెలిసిన సరుకుతోనే కొత్త పని చేశారు. సాఫ్ట్‌వేర్ అలా కాదు, అది వేరే కులవృత్తి. 2007లో చేసిన అప్పే ఆ కంపెనీ మెడకు చుట్టుకుంది.

బెల్టు మనిషి, గోదావరిఖని

ఇద్దరి మాటలూ చదివాను. ఇద్దరూ "మూలాలు" అంటే టైర్లే అనుకుంటున్నారు. అక్కడే తేడా ఉంది.

1871లో కారే లేదు. బెంజ్ తన మూడు చక్రాల బండికి పేటెంట్ తీసుకున్నది 1886లో. గాలి టైర్‌ను డన్‌లప్ జనంలోకి తెచ్చింది 1888లో. కాంటినెంటల్ సైకిల్‌కు గాలి టైర్ చేసింది 1892లో. అంటే కంపెనీ పుట్టిన మొదటి ఇరవై ఏళ్లూ వాళ్ల దగ్గర గాలి టైరే లేదు. మరి ఏం చేశారు? మెత్తటి రబ్బరు వస్తువులు, రబ్బరు పూసిన బట్టలు, గుర్రబ్బండ్లకూ సైకిళ్లకూ గట్టి టైర్లు. ఆ గుర్రం బొమ్మ కూడా 1882 నాటిది, గుర్రం డెక్కలకు తొడిగే రబ్బరుతో మొదలైందని చెబుతారు. కారు టైర్‌కు గీతలు పెట్టి 1904లో చూపించారు, అది చాలా తర్వాతి మాట.

కాబట్టి అన్నా, ఇవాళ అమ్మకానికి పెట్టిన కాంటిటెక్, అంటే బెల్టులు, గొట్టాలు, ఎయిర్ స్ప్రింగులు, టైర్లు కాని రబ్బరంతా, అదే ఆ కంపెనీకి అసలు వేరు. వాళ్లు వేరు అమ్ముకుని కొమ్మ ఉంచుకుంటున్నారు. దాన్ని మూలాలకు తిరిగి రావడం అనడం నాకు బాధగా ఉంది.

బాధ ఎందుకంటే నేను 19 ఏళ్లుగా బొగ్గు బెల్టుల మీద పని చేస్తున్నా. కన్వేయర్ బెల్టుకు హాట్ జాయింట్ వేయడం చూశారా ఎప్పుడైనా? రెండు కొసల్నీ పొరలు పొరలుగా, మెట్లలాగా కోస్తాం. ఒక్కో పొరనూ కత్తితో లేపి గుంజుతుంటే చర్మం ఒలిచినట్టు వస్తుంది. లోపలి బట్టకు గాటు పడకూడదు, పడిందా ఆ పొర పోయినట్టే. తర్వాత బఫింగ్ చేసి, అంటే గరుకుగా రుద్ది, సొల్యూషన్ అనే రబ్బరు జిగురు పూసి, అది వేలికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగాలి. పచ్చి రబ్బరు షీట్ పరచి, ఒక మెట్టు మీద ఇంకో మెట్టు కూర్చోబెట్టి, కిందా పైనా వేడి ప్లేట్లు బిగించి 145 డిగ్రీల దగ్గర ఉడికిస్తాం. ఇక్కడే కుర్రాళ్లు తప్పు చేస్తారు: టైమ్ కాగానే ప్లేట్లు తీసేస్తారు. వేడి దిగేదాకా ఒత్తిడి అలాగే ఉంచాలి, లేకపోతే లోపల గాలి బుడగలు లేస్తాయి. వారంలో జాయింట్ నోరు తెరుస్తుంది.

లోపల ఉక్కు తీగలుండే బెల్టులు వాళ్లు 1951 ప్రాంతంలోనే మొదలుపెట్టారు. కిలోమీటర్ల కొద్దీ బొగ్గు మోసేది అట్లాంటి బెల్టులే. ఇది రబ్బరు విద్య కాదా? టైర్ మీద గుర్రం కనిపిస్తుంది కాబట్టి దానికి పేరొచ్చింది. బెల్టు చీకట్లో తిరుగుతుంది కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంజనీర్, కాజీపేట

ఈ కోణం నాకు తట్టలేదు, నిజం. ఎయిర్ స్ప్రింగ్ గురించి ఒక మాట కలుపుతా. లారీలకూ బస్సులకూ అవి వాళ్లు 1955లోనే చేశారు. ఇప్పుడు మన రైళ్లలో ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం కోచ్‌లు చాలావాటి కింద కూడా ఎయిర్ స్ప్రింగులే. ప్లాట్‌ఫాం మీద వంగి చూస్తే చక్రాల మధ్య నల్లటి పెద్ద గారెలా కనిపిస్తుంది. జనం ఎక్కుతుంటే దిగబడకుండా దాంట్లోకి గాలి ఎక్కుతుంది. ఎవరు చేసినా దాని ప్రాణం ఆ రబ్బరు తొడుగే.

చరిత్ర టీచర్, జనగామ

నేను బండ్ల మనిషిని కాను, కానీ "1871 నాటి కంపెనీ" అని అందరూ గౌరవంగా అంటుంటే ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆ కంపెనీని పెద్దది చేసినవాళ్లలో ముఖ్యుడు సీగ్‌మండ్ సెలిగ్‌మన్. ఆయన యూదుడు. 1925లో చనిపోయాడు. ఆ తర్వాత పదేళ్లు తిరక్కముందే అదే కంపెనీ నాజీల పక్కన నిలబడింది. యుద్ధకాలంలో అక్కడ దాదాపు 10,000 మంది చేత బలవంతంగా పని చేయించారు. హానోవర్‌లోని లిమ్మర్‌లో నిర్బంధ శిబిరం పెట్టి, ఖైదీలైన ఆడవాళ్లతో గ్యాస్ మాస్కులు చేయించారు. అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది బూట్ల సంగతి. జాక్సన్‌హౌసెన్ శిబిరంలో ఒక బాట వేశారు: కొంత దూరం కంకర, కొంత ఇసుక, కొంత సిమెంటు. బూటు అడుగులు ఎన్నాళ్లు ఆగుతాయో చూడటానికి ఆకలితో ఉన్న ఖైదీలను దాని మీద రోజుకు 30, 40 కిలోమీటర్లు నడిపించారు. అలా పరీక్షించినవాటిలో కాంటినెంటల్ రబ్బరు అడుగులూ ఉన్నాయి.

రబ్బరు విద్య తరాల పాటు చేతులు కాల్చుకుంటే వస్తుందన్నారు. కాలినవి ఎవరి కాళ్లో కూడా చెప్పుకోవాలి కదా.

కొత్త సభ్యుడు, కరీంనగర్

సార్, 80 ఏళ్ల కిందటి మాట ఇప్పుడెందుకు? అప్పటివాళ్లు ఎవరూ లేరు. టైర్ మంచిదా కాదా, అంతే చూడాలి. చర్చ దారి తప్పుతోంది.

చరిత్ర టీచర్, జనగామ

బాబూ, దారి తప్పలేదు. చర్చ మొదలైందే మూలాలతో. 1871 మాది, 1904 మాది, బ్లేరియో మావాడు అని చెప్పుకునేటప్పుడు అప్పటివాళ్లు ఎవరున్నారు? ఏళ్లను లెక్కపెట్టుకుంటే ఆ పన్నెండేళ్లు కూడా లెక్కలోకి రావాల్సిందే.

కంపెనీ పక్షాన ఒక మాట కూడా చెప్తాను. ఈ వివరాలు బయటి శత్రువులు తవ్వినవి కావు. తమ దస్తావేజులు చూసుకోమని పాల్ ఎర్కర్ అనే చరిత్రకారుడికి వాళ్లే అప్పగించారు. 2020లో అది బయటికొచ్చింది. తర్వాత కొనుక్కున్న టెవెస్, వీడీఓ, ఫీనిక్స్, సెంపెరిట్ కంపెనీల చరిత్ర కూడా అందులోనే ఉంది. ఇంజనీర్ గారూ, మీరు మెచ్చుకున్న టెవెస్ కూడా. నా భయం ఇప్పుడు వేరే. విడిపోయిన ముక్కల్లో ఆ పాపం ఎవరి వాటాకు వస్తుంది? ఆమోవియో అన్న పేరు పుట్టిందే 2025లో. రేపు దాన్ని అడిగితే "మేం 2025లో పుట్టాం" అనొచ్చు కదా.

మిల్లు కాలనీ, వరంగల్

మా ఊరి సంగతితో చూస్తే నాకు ఇది ఇంకోలా కనిపిస్తోంది. అజంజాహి బట్టల మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది. మా వాడకట్టులో ముసలివాళ్లు ఇప్పటికీ "సైరన్ టైమ్‌కు" అంటారు, సైరన్ లేకపోయినా. బెంగాల్‌లో సాహాగంజ్ డన్‌లప్ ఫ్యాక్టరీ 1936 నాటిది, మన దేశంలో మొదటి టైర్ ఫ్యాక్టరీ. అదీ మూతే. ముక్కలైనా, అమ్ముడుపోయినా, పేరు మారినా ఫ్యాక్టరీ గేటు తెరిచి ఉంటే అది బతికినట్టే అంటాను నేను. తెలివా ఓటమా అన్నది గేటు లోపలికి రేపు ఎంతమంది పోతారో చూసి చెప్పాలి.

ఇంజనీర్, కాజీపేట

గేటు తెరిచి ఉంటే చాలదండీ. అమ్మిన ప్రతిసారీ కొన్నవాడు ముందు తీసేసేది పరిశోధన విభాగాన్నే. మన ముందు జరగలేదా?

మిల్లు కాలనీ, వరంగల్

జరిగింది. అయినా మూసిన గేటు ముందు నిలబడినవాళ్లను చూశాక ఆ మాట నేను అనలేను.

టైర్ల షాపు, హన్మకొండ

రెండు రోజులుగా చదువుతున్నా. షాపు తాళం వేశాక రాస్తున్నా.

గోదావరిఖని అన్న చెప్పింది నిజం. మూలాలకు తిరిగొచ్చారన్న నా మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నా. టైర్లు లాభాలిస్తున్నాయి కాబట్టి ఉంచుకున్నారు, పుట్టుకతో వచ్చాయని కాదు. కానీ 2007 నాటి కొనుగోలు మీద నా అభిప్రాయం మారలేదు తమ్ముడూ. బ్రేకుల వరకు నీ మాట ఒప్పుకుంటా, అరచేయి సంగతి రోజూ చూస్తున్నవాణ్ని. స్క్రీన్ల కోసం అంత అప్పు మాత్రం చేయకూడదు.

టీచర్ గారూ, బూట్ల సంగతి చదివాక ఆ రాత్రి అన్నం సహించలేదు. షాపు గోడ మీద ఆ కంపెనీ క్యాలెండర్ ఒకటుంది, పైన 1871 అని పెద్దక్షరాలతో. కస్టమర్లకు గర్వంగా చూపించేవాణ్ని. నిన్న ఒక కాలేజీ పిల్లవాడు బైక్ టైర్ మార్పించుకుంటూ "అంత పాత కంపెనీనా అంకుల్?" అన్నాడు. అవునని, ముందు గుర్రబ్బండ్ల సంగతి, సైకిళ్ల సంగతి చెప్పాను. తర్వాత ఆ నడకబాట సంగతి కూడా చెప్పాను. ఫోన్ జేబులో పెట్టి విన్నాడు. ఆ శిబిరం పేరు ఏ అక్షరాలతో రాయాలని అడిగాడు, నేను సరిగ్గా చెప్పలేకపోయాను. జర్మన్ అక్షరాల్లో ఎలా రాస్తారో ఇక్కడ పెట్టండి సార్, వాడు శనివారం అలైన్‌మెంట్‌కు వాళ్ల నాన్న కారు తెస్తానన్నాడు.