ఫతే మైదాన్‌లో ఫుట్‌బాల్ చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

హైదరాబాద్ ఎల్బీ స్టేడియం మీద చిన్న వ్యాసం రాస్తున్నానండీ, కాస్త సాయం కావాలి. 1687లో గోల్కొండ ముట్టడికొచ్చిన ఔరంగజేబు సైన్యం అక్కడ దిగిందని, గెలిచాక ఫతే మైదాన్ అన్నారని, నిజాం కాలంలో పోలో ఆడేవారని, 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారని తెలిసింది. క్రికెట్ సంగతులైతే కావలసినన్ని ఉన్నాయి, 1955 న్యూజిలాండ్ టెస్ట్‌తో సహా. చిక్కల్లా ఫుట్‌బాల్‌తోనే. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ (బొంబాయిలో జరిగే పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ) కొట్టిన ఊరు మనది! ఆసియా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్‌లో భారత జట్టు సెమీఫైనల్ ఈ స్టేడియంలోనే జరిగింది. వానలకు గ్రౌండ్ పాడై ఫైనల్ ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడేమో ఎల్బీ స్టేడియం అంటే సభలే గుర్తొస్తాయి. 2023లో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం కూడా అక్కడేగా.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా 1950లు, 60లలో అక్కడ ఫుట్‌బాల్ చూశారా? టికెట్ ఎంతుండేది? జనం ఎక్కడ కూర్చునేవారు, గోల్‌పోస్టులు ఏ వైపు ఉండేవి? పాత ఫొటో, టికెట్ ముక్క ఏదున్నా చెప్పండి. ఉర్దూ పేపర్ కటింగులైనా పర్లేదు, చదివిపెట్టే స్నేహితుడున్నాడు.