గొడుగు రిగ్ ఏ కాలంలో వెయ్యాలి, ఎప్పుడు పెట్టెలో పెట్టాలి?

ఫ్రిస్కో_చేపలబాబు
అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. బాస్ చేపల పిచ్చి పట్టి రెండేళ్ళయింది. అక్టోబర్‌లో అయిదు తీగల అంబ్రెల్లా రిగ్ (ఒకే దారానికి అయిదు ఎరలు తగిలించే గొడుగు రిగ్) ఒకటి కొన్నాను. ప్యాకెట్ విప్పి చూస్తే బట్ట ఊడిపోయిన గొడుగులా ఉంది. అయిదు ఊచలు, ఊచకో రబ్బరు చేప. మూడు శనివారాలు లూయిస్‌విల్ లేక్‌కి పట్టుకెళ్ళాను. మొదటి రోజే ఒక రిగ్ డాక్ కింద దేనికో తగులుకుని తెగిపోయింది. ఇంకోటి కొని మళ్ళీ వెళితే రెండు రోజులకీ కలిపి మూడు శాండ్ బాస్‌లు పడ్డాయి, అరచేయంత. యూట్యూబ్‌లో మాత్రం విసిరినప్పుడల్లా రెండేసి లార్జ్‌మౌత్ బాస్‌లు లాగుతున్నారు. రిగ్ 20 డాలర్లు, రబ్బరు చేపలూ జిగ్ హెడ్లూ (సీసం తల ఉన్న గాలాలు) కలిపి మరో పాతిక. ఇంట్లో లెక్క చెప్పుకోలేక చస్తున్నా. ఏ కాలంలో, ఎంత లోతులో, ఎంత స్పీడుతో వెయ్యాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

లేనియర్_బాబాయ్
తమ్ముడూ, ముందొక ప్రశ్న. వెళ్ళిన రోజుల్లో నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో చూశావా? అక్టోబర్ చివర మీ వైపు 65 దాటే ఉంటాయి (నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే). ఆ వేడిలో బాస్ హుషారుగా తిరుగుతుంది, ఒంటరిగా కనబడిన దేన్నయినా తరిమి తింటుంది. దానికి అయిదు చేపల గుంపు చూపించాల్సిన పని లేదు.

నీళ్ళు 55 కిందికి దిగాక కథ మారుతుంది. షాడ్ అని వెండి రంగు చిన్న చేపలుంటాయి కదా, అవి చలికి ఒకచోట ముద్దలా చేరతాయి. త్రెడ్‌ఫిన్ షాడ్ అయితే 45 కిందికి పడగానే తట్టుకోలేక చచ్చిపోవడం మొదలెడతాయి. బాస్‌కి కూడా ఒంట్లో వేడి నీటిని బట్టే కాబట్టి దూరం పరిగెత్తే ఓపిక ఉండదు. గుంపు కిందే కాపు కాస్తుంది. అప్పుడు నీ గొడుగు దాని కంటికి దారి తప్పిన చిన్న గుంపులా కనబడుతుంది.

నేను జార్జియాలో లేనియర్ లేక్ పక్కన ఫోర్‌సైత్ కౌంటీలో పన్నెండేళ్ళుగా ఉంటున్నా. డిసెంబర్ నుంచి మార్చి మొదటి వారం దాకా రిగ్ పడవ మీదే ఉంటుంది, తర్వాత పెట్టెలోకి. మా లేక్‌లో స్పాటెడ్ బాస్ ఎక్కువ. చలికాలం తెల్లారుజామున కాలువల్లాంటి లోతైన గుంటల వెంట ఒడ్డు వైపు వచ్చి, ఎండెక్కాక లోతుకి పోతాయి. ఆ రెండు గంటలే నా సంపాదన.

స్పీడు మాటకొస్తే, రబ్బరు తోక ఆడీ ఆడనట్టు ఆడాలి. పడవ పక్కనే నీళ్ళలో లాగి చూడు. తోక ఆగిపోయే ముందు ఎంత నిదానమో, అదే నీ చలికాలపు స్పీడు. లోతు తెలియడానికి లెక్కపెట్టడమే దారి. 15 అడుగులని తెలిసిన చోట వేసి, అడుగు తగిలేదాకా ఎన్ని అంకెలయ్యాయో చూసుకో. తర్వాత దానికి రెండు మూడు తగ్గించి లాగుతూ పో. బాస్ పైకి వచ్చి తింటుంది గానీ కిందికి వంగి తినడం తక్కువ. అందుకని చేపకన్నా కాస్త పైనుంచే పోనివ్వాలి.

నాష్‌విల్_గాలం
బాబాయ్ చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. ఏ రాష్ట్రంలో వేస్తున్నారో అక్కడి రూలు ముందు చూసుకోండి. మా టెనెసీలో ఒక రిగ్‌కి మూడు గాలాలే. అయిదు తీగలుండొచ్చు, గాలాలు మాత్రం మూడింటికే. మిగతా రెండింటికి గాలం లేని రబ్బరు చేప తగిలిస్తాం, ఉత్త షో కోసం.

మొదట్లో తిట్టుకున్నా. రెండు చలికాలాలు వేశాక అర్థమైంది, మూడే ఎక్కువ. నాకు పడిన వాటిలో చాలావరకు నడి తీగ మీద పడ్డవే. ఆ ఒక్క తీగకి స్నాప్ (ఎర తగిలించే కొస క్లిప్) దగ్గర మరో నాలుగంగుళాల దారం కట్టి కాస్త వెనక పడేట్టు చేస్తా, దానికి పెద్ద చేప పెడతా. నాలుగూ మూడున్నర అంగుళాలవైతే ఇది నాలుగున్నర. రంగు కూడా కొంచెం తేడాగా. గుంపు నుంచి వెనకబడిన దాన్నే బాస్ పట్టుకుంటుంది. పొలం నుంచి మందను తోలుకొస్తుంటే కుంటుతూ వెనకపడిన మేకపిల్లకే కదా భయం. గాలం లేనివి పై రెండు తీగలకి, గాలాలున్నవి కింద రెంటికీ నడి తీగకీ. ఇలా పెడితే రిగ్ తలకిందులుగా తిరగదు.

హంట్స్‌విల్_రావు
ఈ రిగ్ పుట్టిన చోటికి దగ్గర్లోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. సముద్రంలో స్ట్రైపర్ల (చారల పెద్ద బాస్) కోసం పడవ వెనక లాగే గొడుగు రిగ్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి. దాన్ని చేత్తో విసిరేంత చిన్నది చేసి అలబామా రిగ్ అని పేరు పెట్టింది ఇక్కడి మజిల్ షోల్స్‌కి చెందిన ఆండీ పాస్. 2011 అక్టోబర్‌లో మా గంటర్స్‌విల్ లేక్‌లో నాలుగు రోజుల టోర్నమెంట్‌లో ప్రొఫెషనల్ వేటగాడు పాల్ ఎలియాస్ దీంతోనే 20 చేపలకి 102 పౌండ్ల 8 ఔన్సులు తూచాడు. ఆ వారం నుంచి చుట్టుపక్కల షాపుల్లో రిగ్ దొరకలేదు. మరుసటి ఏడాదికే బాస్‌మాస్టర్ ఎలైట్ సిరీస్ అనే పెద్ద ప్రొఫెషనల్ పోటీల్లో వాడకూడదన్నారు.

నా మటుకు నాకు ఆ నిషేధం సబబే అనిపిస్తుంది. అయిదు ఎరలు ఒకేసారి విసరడం వేట కాదు, వల వెయ్యడానికి పిన్నమ్మ కూతురు. అలాగని నా దగ్గర లేదని కాదు, రెండున్నాయి. జనవరిలో ఇంకేదీ పడనప్పుడు సిగ్గుపడుతూ తీస్తాను.

ఒక్క విషయంలో మాత్రం లేనియర్ బాబాయ్ గారితో ఏకీభవించను. ఎండాకాలంలో పెట్టెలో పెట్టాలన్నది మీ లేక్‌కి చెల్లుతుందేమో. టెనెసీ నది మీద జూన్, జూలైలో బాస్‌లు నది పాత గట్ల మీద గుంపులుగా నిలుస్తాయి. డ్యాములో కరెంటు కోసం నీళ్ళు వదిలితే ప్రవాహానికి ఎదురుగా వరసలో నిలబడి తింటాయి. టీవీఏ (ఆ నది డ్యాములు నడిపే సంస్థ) వాళ్ళు నీళ్ళు వదిలే వేళలు ముందే పెడతారు, అది చూసుకుని వెళితే మధ్యాహ్నం ఎండలో కూడా రిగ్‌కి పడతాయి. నీళ్ళు ఆగాయా, చేపా ఆగింది. అయితే వేడి నీళ్ళలో పోరాడిన చేప త్వరగా డస్సిపోతుంది. ఫొటోల కోసం నిలబెట్టకుండా వెంటనే వదిలేయండి.

లేనియర్_బాబాయ్
రావుగారూ, ఒప్పుకున్నా. మా దగ్గర ఆ ప్రవాహం లేదు. ఎండాకాలం మా స్పాటెడ్ బాస్‌లు బ్లూబ్యాక్ హెర్రింగ్ అనే చిన్న చేపల వెంటపడి నీటి మీదికొస్తాయి. పైన గంతులేసే ఎరలే నాకు ఇష్టం.

గోదారి_పిల్ల
పడవ లేని మాలాంటి వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేనే రాస్తున్నా. ఆస్టిన్‌లో ఉంటాను, ఒడ్డు మీద నుంచే వేట. టెక్సస్‌లో స్టేట్ పార్కుల లోపల ఒడ్డు మీద నుంచి వేస్తే లైసెన్సు కూడా అక్కర్లేదు, కొత్తగా వచ్చినవాళ్ళకి పనికొస్తుంది.

అయిదు తీగలది ఒడ్డు మీద నుంచి నా వల్ల కాలేదు. అంతా కలిపితే మూడు ఔన్సుల దాకా బరువు. మామూలు రాడ్‌తో విసిరితే మొదటి రోజే భుజం పట్టేసింది, రెండో రోజు రాడ్ కొస విరిగింది. ఏడున్నర అడుగులకు తగ్గని హెవీ రాడ్, 65 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం ఉండాలి. విసరడం కూడా కొరడా ఝళిపించినట్టు కాదు, బావిలో చేద వేసినట్టు బరువుని ఊపి వదలాలి.

వేసవికీ, శరదృతువు మొదటికీ నా దగ్గర ఉన్నది రెండు ఫ్లూక్‌ల (సన్నటి మెత్తని రబ్బరు చేపల) రిగ్. ఇక్కడివాళ్ళు డాంకీ రిగ్ అంటారు. మెయిన్ దారం మీద ఒక స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కొక్కెం) జారేట్టు ఎక్కించండి. దారం కొసన రెండో స్వివెల్ ముడెయ్యండి. జారే స్వివెల్‌కి జానెడు దారంతో ఒక ఫ్లూక్, కొస స్వివెల్‌కి రెండు జానల దారంతో ఇంకో ఫ్లూక్. ఒకటి తెలుపు, ఒకటి కొంచెం ముదురు. రాడ్ కొసతో టక్ టక్ మని రెండు కుదుపులిచ్చి ఆపితే రెండూ చెరో వైపు బెదురుతాయి. పైన నీళ్ళు మరిగినట్టు బాస్‌లు షాడ్‌ని తరుముతున్నప్పుడు ఇది వేశామంటే ఒకటి పట్టుకోగానే దాని నోట్లోది లాక్కుందామని రెండోది వచ్చి పక్కదానికి తగులుకుంటుంది. సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం ముప్పావుగంటలో మూడుసార్లు జంటగా పడ్డాయి. పెద్దవి కావు, పౌండున్నర లోపే. కానీ రెండు చేపలు చెరో దిక్కు లాగుతుంటే ఆ మజా వేరు.

చేపలు మరీ చిన్న షాడ్‌ని తింటుంటే ఫ్లూక్‌ని కూడా పట్టించుకోవు. అప్పుడు నీటి మీద తేలే ఎర వెనక అడుగున్నర దారంతో చిన్న ఈకల జిగ్ కట్టండి. పైదాని చప్పుడికి వచ్చి వెనకదాన్ని మింగుతుంది.

నాష్‌విల్_గాలం
అక్కా, ఫ్లూక్ రిగ్‌లో చిక్కులు పడట్లేదా? నాకు పది విసుర్లకోసారి రెండూ జడ అల్లుకుంటున్నాయి.

గోదారి_పిల్ల
పొట్టి దానికి మందం దారం వాడు తమ్ముడూ, 20 పౌండ్లది. బిరుసుగా ఉంటే పక్కకి నిలబడుతుంది. నీళ్ళని తాకబోయే ముందు స్పూల్ (దారం చుట్టిన చక్రం) మీద బొటనవేలు ఆన్చి ఆపితే రెండూ చాచుకుని పడతాయి.

కరీంనగర్_కొరమీను
అన్నలూ, నేను ఇండియాలోనే ఉంటా. మా ఎల్‌ఎండీలో (లోయర్ మానేరు డ్యామ్) ఈ గొడుగు వేస్తే కొరమీను పడుతుందా? మేం బొచ్చె కోసం స్ప్రింగుకి పిండి ముద్ద పెట్టి చుట్టూ గాలాలు వేస్తాం, అది కూడా మల్టీ రిగ్గే అనుకుంటా 😄

లేనియర్_బాబాయ్
నువ్వు చెప్పింది నిజమే, మా మానేరు గట్టు మీద నేనూ ఆ పిండి ముద్దలు పిసికినవాణ్ణే. కానీ కొరమీనుకి ఇది వద్దు. అది నాచులో, తూటి మొక్కల నీడలో మాటు వేసి ఉంటుంది. అయిదు గాలాలు అక్కడ వేశావంటే సగం చెరువు పాచి ఇంటికి తెచ్చుకుంటావు. నాచు మీద జారే రబ్బరు కప్ప ఒక్కటి చాలు.

హంట్స్‌విల్_రావు
చేపలబాబు గారికి రెండు జాగ్రత్తలు. ఏప్రిల్‌లో నీళ్ళు 60 దాటి బాస్‌లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి చేరాక ఈ రిగ్ తియ్యకండి. అవి అప్పుడు తిండి ధ్యాసలో ఉండవు, గూడు కాపలాలో ఉంటాయి. దానికి ముందు, 50 నుంచి 58 మధ్య ఉండే మూడు నాలుగు వారాలు మాత్రం వదులుకోవద్దు. గుడ్లతో బరువెక్కిన ఆడచేపలు లోతు నుంచి ఒడ్డుకొచ్చే దారిలో, పాయ లోపలి చిన్న చిన్న మలుపుల దగ్గర ఆగుతాయి. నా జీవితంలో పెద్ద బాస్ మార్చి మొదటి వారంలో అలాగే పడింది. ఏడు పౌండ్ల పైచిలుకు.

రెండోది, చేతులు. రిగ్‌కి పడిన చేప తల విదిలించిందంటే ఖాళీగా ఉన్న నాలుగు గాలాలు గాల్లో తిరుగుతుంటాయి. రెండేళ్ళ కింద ఒకటి నా బొటనవేలు పక్కన ముల్లు (గాలం కొసన వెనక్కి తిరిగే పన్ను) దాకా దిగింది, రెండో గాలానికి మూడు పౌండ్ల చేప వేలాడుతోంది. ముందు ఆ తీగ స్నాప్ విప్పి చేపని విడదీశాను. తర్వాత గాలం వంపులో దారం ఉచ్చు వేసి, గాలం కంటిని చర్మానికి ఆనించి గట్టిగా నొక్కిపట్టి, దారాన్ని ఒక్క లాగుడు లాగాడు మావాడు. వచ్చేసింది. కన్ను దగ్గరో మెడ దగ్గరో గుచ్చుకుంటే ఇలాంటివి చెయ్యకుండా డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. అప్పటినుంచీ ముళ్ళు పటకారుతో నొక్కేసి వాడుతున్నాను. చేపలు తప్పించుకుపోయినా నాకేం బెంగ లేదు.

ఫ్రిస్కో_చేపలబాబు
రెండు వారాల తర్వాత వచ్చి రాస్తున్నా. నిన్న ఫ్రెండ్ పడవలో రే రాబర్ట్స్ లేక్‌కి వెళ్ళాం. మీటర్ మీద నీళ్ళు 51. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఏమీ లేదు, వేళ్ళు కొంకర్లు పోయాయి. బాబాయ్ చెప్పినట్టు 15 అడుగుల చోట వేసి చూస్తే అడుగు తగలడానికి 9 అంకెలయ్యాయి. 7 దాకా లెక్కపెట్టి లాగడం మొదలెట్టా. తోక ఆడీ ఆడనంత నిదానం. డ్యామ్ రాళ్ళ పక్కన మూడో విసురుకి ఏదో గడ్డి తగిలినట్టు బరువు. కొట్టినట్టు తెలియనే లేదు. లాగితే గడ్డి పక్కకి నడిచింది!

నాలుగు పౌండ్ల లార్జ్‌మౌత్. నడి తీగకే, నాష్‌విల్ అన్న చెప్పిన పెద్ద చేపకే. ఒక గాలం నా జాకెట్ చేతికి గుచ్చుకుంది, వలకి ఇంకో రెండు. విడిపించడానికి పదినిమిషాలు పట్టింది. తర్వాత మధ్యాహ్నం దాకా వేసినా ఇంకోటి పడలేదు, ఒక రిగ్ మాత్రం పోయింది.

ఆ రాళ్ళలో తగులుకున్నది విడిపించడానికి ఏం వాడతారు మీరు?

నాష్‌విల్_గాలం
కంగ్రాట్స్ అన్నా! గుండు, గొలుసు ఉండే లూర్ రిట్రీవర్ ఒకటి కొను. దారం వెంట జారవిడిచి, తగులుకున్న చోటికి సరిగ్గా పైకి పడవ తెచ్చి రెండు మూడుసార్లు దబదబా కొట్టు. నాకు పదింటికి ఏడు తిరిగొస్తున్నాయి.

గోదారి_పిల్ల
జాకెట్‌కి దిగిన గాలం ఇంట్లో చూపించావా, అక్కడే కత్తిరించి పారేశావా?

ఫ్రిస్కో_చేపలబాబు
జాకెట్ కారు డిక్కీలోనే ఉంది అక్కా.